ఎర్రర్ సూత్రములు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

లినక్స్ కెర్నెల్ మితభాషి. యజమాని ఎంత కంగారులో ఉన్నా, తెల్లారేసరికి జీతాల ఫైలు పంపాల్సి ఉన్నా, ఐదారు మాటలకు మించి నోరు విప్పదు. సూత్రంలో అక్షరాలు కొద్దిగా ఉండాలి, అర్థంలో సందేహం ఉండకూడదు అన్నారు పెద్దలు. మొదటి లక్షణం దీనికి పుష్కలంగా ఉంది. రెండోదాని కోసమే ఈ వ్యాఖ్య.

సూత్రకారుడెవరు? 1991లో హెల్సింకీలో చదువుకుంటూ ఈ కెర్నెల్ మొదలుపెట్టిన లీనస్ టోర్వాల్డ్సే అని కొందరి మతం. అది నిలవదు. సూత్రాలు అంతకు ముందే యూనిక్స్‌లో ఉన్నాయి. ఆయన సంకలనకర్త. అంతస్సాక్ష్యం కూడా ఉంది: 25వ సూత్రం పక్కన ఈనాటికీ 'నాట్ ఎ టైప్‌రైటర్' అనే రాసి ఉంటుంది. కంప్యూటరుకు టెలిటైపు తగిలించి దానిమీద టకటకలాడించిన రోజుల మాట అది. 1991 నాటి ఇంటి పీసీకి టెలిటైపు ఎక్కడిది?

సూత్రాల సంఖ్యలు మేం వేసినవి కావు, మూలంలోనే ఉన్నాయి. మొదటి 34 ఒక ఫైలులో, తక్కినవి మరో ఫైలులో. పూర్వభాగంలో పాఠభేదాలు దాదాపు లేవు. ఉత్తరభాగంలో శాఖాభేదం ఉంది. అది నెట్‌వర్క్ ప్రకరణంలో వస్తుంది.

డిస్క్ ప్రకరణము

సూ. 28. నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్

ప్రతిపదార్థం: (ఓ యూజరూ అని సంబోధన అధ్యాహారం) ఆన్ డివైస్ = నీవు రాయబూనిన ఆ డిస్కునందు; లెఫ్ట్ = మిగిలియున్న; స్పేస్ = చోటు; నో = లేదు.

తాత్పర్యం: డిస్కు నిండింది.

ఇంత తేలిక సూత్రానికి వ్యాఖ్య దేనికనవచ్చు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఆక్షేపం: 'డీఎఫ్' ఆజ్ఞ కొట్టి చూస్తే ఇంకా 40 జీబీ ఖాళీగా ఉంది. చోటు ఉండగా లేదనడం అనృతదోషం కాదా?

సమాధానం: కాదు. చోటు రెండు విధాలు. ఫైలులోని సరుకు పెట్టుకునే బ్లాకులు ఒకటి, ఫైలు వివరాలు రాసుకునే ఐనోడ్లు రెండోది. సత్రంలో గదులు ఖాళీగా ఉన్నా రిజిస్టరులో గీతలు అయిపోతే గుమాస్తా కొత్తవాణ్ణి చేర్చుకోడు. ఇదీ అంతే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున, డిస్కు ఫార్మాట్ చేసిన రోజే లెక్క కట్టేస్తుంది. 100 జీబీ భాగానికి సుమారు 65 లక్షలు. తర్వాత ఆ భాగాన్ని పెంచితే తప్ప ఐనోడ్లు పెరగవు. 65 లక్షల ఫైళ్లు ఎవడు పెడతాడని నవ్వకండి. పాత వెబ్‌సైటు ఒకటి వచ్చిపోయిన ప్రతి మనిషికీ ఓ చిన్న సెషన్ ఫైలు రాసుకుంటూ, తుడవడం మరచిపోయి నాలుగేళ్లు నడిస్తే చాలు. 'డీఎఫ్ -ఐ' అని అడగండి. 'ఐయూజ్' నిలువు వరుసలో 100% కనిపిస్తే రోగం ఇదే.

ఇక్కడో ఉపాఖ్యానం. రోగం తెలిసిన ఉత్సాహంలో శిష్యుడు ఆ ఫోల్డరులోకి పోయి 'ఆర్ఎం నక్షత్రం' అంటాడు. వెంటనే 7వ సూత్రం ప్రత్యక్షం: 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్'. నక్షత్రాన్ని లక్షల పేర్లుగా విడమరిచేది షెల్. ఆ చాంతాడు జాబితాను ఒక్క ఆజ్ఞలో మోయడానికి కెర్నెల్ ఒప్పుకోదు. అప్పుడు 'ఫైండ్' ఆజ్ఞకు 'డిలీట్' తోక తగిలిస్తే ఒక్కొక్కటే పట్టుకుని చెరుపుతుంది. ఏ ఫోల్డరులో నిలబడి ఆ మాట అంటున్నారో ముందు రెండుసార్లు చూసుకోండి. ఈ ఆజ్ఞకు ప్రాయశ్చిత్తం లేదు.

రెండో ఆక్షేపం: డీఎఫ్ డిస్కు నిండిందంటోంది. డీయూతో ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా లేదు. ప్రమాణాలు రెండూ కొట్టుకుంటుంటే దేన్ని నమ్మాలి?

సమాధానం: రెండూ నిజమే. డీయూ పేరున్న ఫైళ్లనే లెక్కపెడుతుంది, డీఎఫ్ వాడుకలో ఉన్న చోటునంతా లెక్కపెడుతుంది. మధ్యన ఉన్న తేడా అశరీరులది. లాగ్ ఫైలు ఒకటి 60 జీబీకి ఉబ్బింది, ఎవరో ఆర్ఎం చేశారు, పేరు పోయింది. కానీ దాన్ని తెరిచి పట్టుకున్న సర్వీసు ఇంకా నడుస్తోంది. చివరి పట్టు వదిలేదాకా చోటు తిరిగిరాదు. 'ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' అంటే ఆ జాబితా, పక్కన 'డిలీటెడ్' అనే మాటతో సహా బయటపడుతుంది. ఆ సర్వీసును మళ్లీ మొదలుపెడితే చోటు వస్తుంది. నడుస్తున్న సర్వీసు లాగును ఆర్ఎం చేయకుండా, 'ట్రంకేట్' ఆజ్ఞతో సున్నాకు కుదించడమే సదాచారం.

రీబూట్ వాదుల మతం ఇక్కడే పుట్టింది. 'ఏ సూత్రమైతేనేం, ఆపి మళ్లీ వేయి' అన్నది వారి ఏకైక సిద్ధాంతం. పై సందర్భంలో అది పనిచేస్తుంది కూడా: మెషీను ఆగితే సర్వీసులన్నీ చస్తాయి, అశరీరులకు మోక్షం వస్తుంది, 60 జీబీ తిరిగొస్తుంది. దీన్ని చూపించి వారు శిష్యుల్ని పోగేస్తారు. ఐనోడ్లు అయిపోయిన మెషీనును మాత్రం నూరుసార్లు రీబూట్ చేసినా ఒక్క ఐనోడూ మొలవదు. లాభం కలిగినప్పుడు ఎందుకు కలిగిందో వారు చెప్పలేరు కనుక ఆ మతాన్ని ఖండిస్తున్నాం.

విశేషం: ఈఎక్స్‌టీ4 స్వభావరీత్యా 5% చోటును సర్వాధికారి అయిన రూట్ కోసం అట్టేపెడుతుంది. అందుకే యూజరుకు 28వ సూత్రం వినిపిస్తున్న వేళ కూడా రూట్ తాపీగా రాసుకోగలడు. 1 టీబీ డిస్కులో ఇది 50 జీబీ. సినిమాలూ ఫొటోలూ మాత్రమే దాచే డిస్కుకు ఇంత అక్కర్లేదు. 'ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 1' అని ఒక శాతానికి తగ్గించవచ్చు. సిస్టం ఉన్న డిస్కు జోలికి మాత్రం పోవద్దు.

సూ. 30. రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టం

ప్రతిపదార్థం: ఫైల్ సిస్టం = దస్త్రముల వ్యవస్థ; రీడ్ = చదువుటకు; ఓన్లీ = మాత్రమే (అర్హము).

తాత్పర్యం: నిన్నటిదాకా రాయనిచ్చిన డిస్కు ఇవాళ చదవడమే తప్ప రాయనివ్వదు.

అది డిస్కు చేసిన పెంకితనం కాదు. ఫైల్ సిస్టంలో ఎక్కడో లెక్క తప్పిందని కెర్నెల్ గమనించింది. ఇంకా రాస్తే ఉన్నదీ పాడవుతుందని రాతను నిషేధించింది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో 'ఎర్రర్స్ = రీమౌంట్ ఆర్ఓ' అనే షరతు చాలా మెషీన్లలో ముందే ఉంటుంది. తొందరపాటు శిష్యుడు వెంటనే 'రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ' అని బలవంతాన తెరిపిస్తాడు. మహాపాతకం. ముందు కెర్నెల్ చిట్టా అయిన డీమెసేజ్ చదవాలి. అక్కడ 'ఐ/ఓ ఎర్రర్' అనీ, ఏ డిస్కు అనీ, ఎన్నో సెక్టర్ అనీ చిట్టా ఉంటుంది. తర్వాత స్మార్ట్‌కంట్రోల్ జాతకం చూడాలి. 5వ గుణం (చెడిపోయి, మార్చేసిన సెక్టర్లు), 197వ గుణం (మార్పు కోసం ఎదురుచూస్తున్నవి) పెరుగుతుంటే డిస్కుకు ఆయువు మూడినట్టు. 199వ గుణం ఒక్కటే పెరుగుతుంటే డిస్కు నిర్దోషి కావచ్చు, కేబుల్ మార్చి చూడండి. మూడొందల రూపాయల కేబుల్ చేసిన నేరానికి ఆరువేల డిస్కును చెత్తబుట్టలో వేసినవారు లోకంలో తక్కువేం కాదు.

ఆయువు మూడిందని తేలితే ఎఫ్ఎస్‌సీకే తర్వాత, కాపీ ముందు. జీఎన్‌యూ వారి డీడీరెస్క్యూ మొదట బాగున్న భాగాలన్నీ లాగేసుకుని, చెడ్డచోట్లకు ఆ తర్వాత వెనక్కి వస్తుంది. ఎఫ్ఎస్‌సీకే మరమ్మతు, వీలైతే, ఆ కాపీ మీద చేసుకోండి. మౌంట్ అయి ఉన్న భాగం మీద మాత్రం ఎన్నడూ చేయొద్దు.

సూ. 36. ఫైల్ నేమ్ టూ లాంగ్

తాత్పర్యం: పేరు మరీ పొడుగైంది.

ఇది ఉత్తరభాగంలోది. డిస్కు సంబంధి గనుక ఇక్కడికి లాక్కొచ్చాం. తెలుగువారికి దీనితో ప్రత్యేక బంధుత్వం ఉంది. ఈఎక్స్‌టీ4లో పేరుకు హద్దు 255. అది అక్షరాల్లో కాదు, బైట్లలో. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు తింటుంది. కాబట్టి మన వాటా 85 సంకేతాలు. 'లక్ష్మి' చూడండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు సంకేతాలు, 21 బైట్లు. అదే పేరు రోమన్ లిపిలో ఏడు బైట్లతో సరి. ఒత్తులు ఎక్కువున్న సంస్కృత సమాసాలతో ఫైలుకు పేరు పెట్టే పండితుడు మొదట ఈ సూత్రానికి చిక్కుతాడు. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ లెక్క వేరు. అక్కడ 255 తెలుగు సంకేతాలూ పడతాయి. అందుకే విండోస్ డిస్కులో హాయిగా బతికిన మీ వ్యాసాల ఫోల్డరు, లినక్స్‌లోకి కాపీ అవుతూ సగంలో ఆగిపోతుంది. పేర్లు కుదించడం తప్ప మార్గం లేదు.

నెట్‌వర్క్ ప్రకరణము

ఇక్కడ నాలుగు సూత్రాలను కలిపి చదవాలి. నాలుగింటినీ 'నెట్ రావట్లేదు' అనే ఒకే వాక్యంలో ముద్దచేసి చెప్పడం లోకాచారం. కెర్నెల్ మాత్రం ఆ నాలుగింటినీ చాలా జాగ్రత్తగా విడదీసింది.

సూ. 101. నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్. మాట మీ మెషీను గడపే దాటలేదు. ఎటు పంపాలో దానికే తెలియదు. 'ఐపీ రూట్' అనండి. 'డిఫాల్ట్' అని మొదలయ్యే వరుస లేకపోతే సర్వీస్ ప్రొవైడరును తిట్టి లాభం లేదు.

సూ. 113. నో రూట్ టు హోస్ట్. దారి ఉంది, చివర పలికేవాడు లేడు. పక్క మెషీను ఆపి ఉండవచ్చు. లేదా అవతలి ఫైర్‌వాల్ మర్యాదగా 'నిషిద్ధం' అని జవాబిస్తే కెర్నెల్ దాన్నీ ఇదే సూత్రంలో చెబుతుంది.

సూ. 110. కనెక్షన్ టైమ్డ్ అవుట్. పంపాం, మళ్లీ పంపాం, విసుగొచ్చేదాకా పంపాం. ఉలుకూ పలుకూ లేదు. మాటామంతీ లేకుండా ప్యాకెట్లను మింగేసే ఫైర్‌వాల్ తరచుగా ముద్దాయి.

సూ. 111. కనెక్షన్ రెఫ్యూజ్డ్. జనం దీన్ని చూసి ఎక్కువ బెదురుతారు. నాలుగింటిలో శుభవార్త ఇదే. చాలాసార్లు కాదు పొమ్మన్నది అవతలి మెషీనే. అంటే అది ప్రాణంతో ఉంది, దారి బాగుంది, కేబుల్ బాగుంది. ఆ పోర్టులో సర్వీసు మాత్రం వినడం లేదు. అక్కడికి వెళ్లి 'ఎస్ఎస్ -ఎల్‌టీఎన్' అనండి. సర్వీసు అసలు లేచిందా? లేచినా 127.0.0.1 దగ్గర కూర్చుని తన మాట తానే వింటోందా? రెండోది డేటాబేసులకు అలవాటు.

పాఠాంతరం: ఈ సంఖ్యలు ఇంటెల్, ఏఆర్ఎం శాఖలవి. మిప్స్ శాఖలో 101కి 128, 110కి 145, 111కి 146, 113కి 148 అని పాఠం. మిప్స్ శాఖీయులు మనకెక్కడ తగులుతారనకండి. ఇళ్లలో గోడకు వేలాడుతూ మిణుకుమనే రౌటర్లలో ఎన్నో ఆ శాఖవే.

ప్రక్షిప్తం: 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్'. దీనికి సూత్రసంఖ్య లేదు. ఇది కెర్నెల్ వాక్కు కాదు, సీ లైబ్రరీ చేర్చింది. 8.8.8.8ను పింగ్ చేస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే పలకడం లేదు అంటే రోగం పేర్ల పుస్తకంలో ఉంది: డీఎన్ఎస్. 'టెంపరరీ' అన్నమాట నమ్మి కూర్చోకండి. తప్పు చిరునామా రాసి ఉంటే ఆ తాత్కాలికం కల్పాంతం దాకా సాగుతుంది. రిజాల్వ్‌కాన్ఫ్ ఫైలు తెరిస్తే ఉబుంటులో 127.0.0.53 కనబడి కంగారు పుడుతుంది. అది మెషీనులోనే ఉన్న మధ్యవర్తి. అసలు సర్వరు ఎవరో 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' చెబుతుంది. ఆ ఫైలును చేత్తో దిద్దవద్దని ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. అందరూ దిద్దుతారు. కాసేపటికి దిద్దుబాటు మాయమవుతుంది. అప్పుడు 'లినక్స్‌లో ఏదీ నిలవదు' అంటారు.

సంధి ప్రకరణము

డిస్కూ నెట్‌వర్కూ కలిసే చోటు ఎన్ఎఫ్ఎస్. వేరే మెషీనులోని డిస్కు మన దానిలో ఫోల్డరుగా వెలుస్తుంది. ఆ సర్వరు పడిపోతే డీఎఫ్ కొట్టినవాడికి జవాబు రాదు, ఎర్రరూ రాదు, తెర అలాగే నిలబడిపోతుంది. డిస్కు పోయిందని గుండె బాదుకుంటారు. డీమెసేజ్‌లో మాత్రం 'నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్' అని ఉంటుంది. సొంత డిస్కుల సంగతే కావాలంటే 'డీఎఫ్ -ఎల్' అనండి, తక్షణం జవాబొస్తుంది. సర్వరు లేచిన రోజున అదే చిట్టాలో 'ఓకే' అని పడి, ఆగిన పనులన్నీ ఆగినచోటినుంచి కదులుతాయి. అందాకా ఆగలేక, రాస్తున్న ప్రోగ్రాములను చంపి, మెషీనును బలవంతాన ఆపినవారే సరుకు పోగొట్టుకునేది.

విజ్ఞప్తి

సందేహాలు పంపే శిష్యులు 'సిస్టం పనిచేయట్లేదు, అర్జెంట్' అని రాయవద్దు. సూత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఉన్నదున్నట్టు, కొట్టిన ఆజ్ఞతో పాటు, డీమెసేజ్‌లో చివరి ఇరవై వరుసలతో పాటు పంపండి. కాపీ చేసి పంపండి. తెరను వంకరగా ఫోనుతో ఫొటో తీసి పంపితే మేం చదవం.