ఆపితే తెలుస్తది

జనగామ స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు నడిపే మనిషిని ఊరంతా బేసన్న అంటుంది. షాపులో మిషన్ వెనక గోడకు ఒక నల్ల గిటారు వేలాడుతుంటుంది. దానికి నాలుగే తీగలు, అవీ సైకిలు బ్రేకు వైరంత లావు. ఆధార్ కార్డు కాపీలకు వచ్చినవాళ్లలో రోజుకొకరైనా "రెండు తీగలు తెగినయా అన్నా?" అని అడుగుతారు. "తెగలే తమ్మీ, దీనికి ఉన్నయే నాలుగు" అంటాడు, కాపీల మీంచి తల ఎత్తకుండా.

ఆయన పుట్టింది మానుకోట రైల్వే క్వార్టర్లలో. తండ్రి గ్యాంగ్‌మన్. గిటారు మొదట పట్టింది చర్చిలో, ఆదివారం ఆరాధన కోసం. వరంగల్‌లో డిగ్రీ చదివే రోజుల్లో నలుగురు కుర్రాళ్లు కలిసి రాక్ బ్యాండు పెట్టారు. భూపాలపల్లి సింగరేణి కాలనీ నుంచి వచ్చినవాడు పాడేవాడు. ఒకడిది లీడ్ గిటారు, ఇంకొకడివి డ్రమ్ములు. ఆఖర్న చేరినందుకు మనవాడికి బేస్ మిగిలింది. ఎక్కడైనా ఇదే తంతు, బేస్‌ను కోరి తీసుకునేవాడు ఉండడు. 1961లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ బొమ్మలు వేసుకుంటానని బీటిల్స్‌ను వదిలేస్తే, మిగతావాళ్లు మాకొద్దంటే మాకొద్దన్నాక ఆ పని పాల్ మెకార్ట్‌నీ నెత్తిన పడింది.

బేస్ పని అట్లాంటిది మరి. లీడ్ గిటారువాడు ఒక చుట్టు చుడితే చప్పట్లు. డ్రమ్ముల మోత పక్క వీధికి కూడా తెలుస్తుంది. బేస్ ఈ రెంటికీ అడుగున ఉండి తాళాన్నీ రాగాన్నీ కలిపి పట్టుకుంటుంది. దాని లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు అదురుతుంది. మనిషి చెవికి వినికిడి మొదలయ్యేదే 20 దగ్గర. అందుకే ఆ మోత చెవికన్నా ముందు పొట్టకు తెలుస్తుంది. 1951లో దీన్ని అమ్మకానికి తెచ్చిన లియో ఫెండర్ అనే అమెరికన్ రేడియోలు బాగుచేసే మనిషి. గిటారు వాయించడం ఆయనకు రానేరాదు! ఒగ్గు కథ చూసి పెరిగిన మాకు ఈ అడుగున ఉండే పని కొత్తేం కాదు. చుక్క సత్తయ్యది మా జనగామ పక్కన మాణిక్యాపురమే. 2017లో ఆయన పోతే పేపర్లన్నీ రాశాయి. ఆయన వెనక డోలు కొట్టినవాళ్ల పేర్లు చెప్పమంటే మాలో చాలామంది నీళ్లు నములుతారు.

బేసన్నకు దీనిమీద ఒక సిద్ధాంతం ఉంది. "వాయించినంత సేపు ఎవ్వనికి వినబడది. ఆపితే అందరికి తెలుస్తది." కాలేజీ రోజుల్లో స్టేజీ మీద పాట నడుస్తుండగా చెయ్యి తీసేసి రుజువు కూడా చేసేవాడట. పాట పలచబడిపోయేది. మాటల్లో ఉన్నవాళ్లు సైతం ఏమైందని తలలెత్తి చూసేవాళ్లు. నవ్వుకుని మళ్లీ అందుకునేవాడు. పాట చివర లావు తీగ మీద వేలిని పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా జార్చడం ఇంకో అలవాటు. దోస్తులు దానికి జారుడు అని పేరు పెట్టారు.

1998లో హనుమకొండలో ఒక ఇరుకు గదిలో రాత్రంతా కూర్చుని ఆరు పాటలు రికార్డు చేశారు. తలా ఒక క్యాసెట్టు. మూడు ఎక్కడ పోయాయో తెలియదు. నాలుగోది బేసన్న ఇంట్లో బీరువాలో, వాళ్లావిడ పట్టుచీరల మడతల్లో పదిలంగా ఉండేది.

తర్వాత పాడేవాడు డాలస్ వెళ్లాడు. లీడ్ గిటారు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్, డ్రమ్ములు హైదరాబాద్‌లో బ్యాంకు. బేసన్న ఒక్కడే గిటారును నమ్ముకున్నాడు. ఆర్కెస్ట్రాలో చేరి పెండ్లిళ్లకు, గణపతి నవరాత్రులకు, డిసెంబర్ 23న సింగరేణి డే ప్రోగ్రాములకు తిరిగాడు. మానుకోట, జనగామ, భూపాలపల్లి అప్పుడు ఒకే జిల్లా. 2016 అక్టోబర్ 11న మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. "తెల్లారేసరికి మూడు జిల్లాల ఆర్టిస్టునైన, రేటు మాత్రం ఒక్క జిల్లాదే" అనేవాడు. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగుళూరు వచ్చి వాయించింది. దోస్తులు రమ్మన్నారు. ఆ రాత్రికి పరకాలలో ప్రోగ్రాం ఒప్పుకుని అడ్వాన్సు ఖర్చు పెట్టేసి ఉన్నాడు.

అంతలో డీజేలు దిగాయి. బరాత్ ముందు బండి మీద డబ్బాలు పేర్చి, వాడకట్టులో కిటికీలన్నీ వణికేదాకా "బేస్ పెంచు, బేస్ పెంచు" అని పోరగాండ్ల లొల్లి. బేస్‌కు ఇంత గిరాకీ ఎన్నడూ లేదు. బేస్ వాయించేవాడిని పిలిచే దిక్కూ లేదు. కరోనా వచ్చి ఉన్న ఆర్కెస్ట్రా కూడా మూతపడ్డాక జిరాక్స్ మిషన్ కొన్నాడు. గిటారు గోడెక్కింది.

కిందటేడు డాలస్ నుంచి ఫోనొచ్చింది. డిసెంబర్‌లో భూపాలపల్లిలో బిడ్డ హాఫ్ శారీ ఫంక్షన్, తల్లిదండ్రులు అక్కడే ఉంటున్నారు. "నలుగురం మల్ల స్టేజీ ఎక్కుదం కాకా. క్యాసెట్ల ఉన్న ఆరు పాటలే. నీ కాడ ఉన్నదంట గద, జర పంపు. నాకు సగం యాదికి లేవు." బేసన్న చీరల మడతల్లోంచి క్యాసెట్టు తీసి, పాత స్వెట్టర్‌లో చుట్టి డాలస్‌కు కొరియర్ చేశాడు. షాపు గిరాకీలో చెప్పుకోదగ్గ ముక్కే పోయింది. లెక్క చేయలేదు.

గిటారు దించి చూస్తే తీగలు తుప్పుపట్టి ఉన్నాయి. కొత్త సెట్టు కొనే బదులు పాత కిటుకే ప్రయోగించాడు. తీగలు విప్పి, చుట్టలు చుట్టి, గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశాడు. బేస్ తీగ ఒంటి తీగ కాదు, నడిమి తీగ మీద ఇంకో సన్న తీగ అల్లి ఉంటుంది. ఆ అల్లికలో పేరుకున్న చెమట, జిడ్డు మరుగుతున్న నీళ్లలో వదిలి, కొన్నాళ్ల పాటు మోత తేటపడుతుంది. చేతిలో డబ్బులాడని బేసిస్టులు ఎక్కడున్నా చేసే పనే. నీళ్లు బెల్లం రంగుకు తిరిగాయి. "పప్పు గిన్నెల ఇనుప తీగలు ఉడుకబెడుతవా?" అని వాళ్లావిడ ఆ గిన్నెను మళ్లీ పొయ్యి ఎక్కించలేదు.

తీగలు తేటపడ్డాయి కానీ వేళ్ల సంగతి వేరు. ఫంక్షన్‌కు రెండు రోజుల ముందు హనుమకొండలో రిహార్సల్ పెట్టుకున్నారు. లీడ్ గిటారాయన బెంగుళూరులో వారం వారం సరదాకు వాయిస్తాడట, చేతిలో లక్ష పైచిలుకు గిటారు. డ్రమ్ములాయనకు ఇంట్లోనే ఎలక్ట్రానిక్ ప్యాడ్లు. డాలస్ ఆయన తెలుగువాళ్ల సభల్లో పాడుతూనే ఉన్నాడు. సంగీతాన్ని వదిలేసి వెళ్లిన ముగ్గురి చేతులూ ఆడుతున్నాయి. బేసన్న వేలి కొసల్లో కాయలు కరిగిపోయాయి. మూడో పాటలో రెండు చోట్ల జారాడు. ఎవరూ ఏమీ అనలేదు. "ఏం గాదు కాకా, స్టేజీ మీద సెట్టయితది" అన్నాడు డాలస్ ఆయన, భుజం తట్టి.

భూపాలపల్లికి రైలు లేదు. కారులో నేనూ వెంట వెళ్లాను. హనుమకొండ, పరకాల, రేగొండ, దారి పొడుగునా బేసిస్టుల కథలే. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ హిట్ పాటలకు ఏళ్ల తరబడి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌కు రికార్డు అట్ట మీద పేరు పడింది 1971లో, మార్విన్ గే పుణ్యాన. 1983లో ఆ కంపెనీ పాతికేళ్ల సంబరం చేసుకుంటే ఆయనకు పిలుపు లేదట. బ్లాకులో టికెట్టు కొని బాల్కనీలో వెనక కూర్చున్నాడంటారు. ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. ఇక మెటాలికాది ఇంకో రకం. 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి క్లిఫ్ బర్టన్ పోయాడు. ఆయన చోటులోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో వచ్చిన ఆల్బమ్‌లో ఆయన బేస్‌ను వినీ వినపడనంతగా తగ్గించేశారు. లక్షల్లో అమ్ముడుపోయింది.

"మరి అడగలేదా ఆయన?" అన్నాను.

"ఏమడుగుతడు, కొత్తగొచ్చినోడు. 2001 దాక అండ్లనే ఉండె." కాసేపు కిటికీలోంచి చూసి, హుషారుగా ఇటు తిరిగాడు. "బీటిల్స్ ఆఖరు పాట విన్నవా? 2023 నవంబర్ల వచ్చింది. లెనన్ 1980లనే పాయె. పాత క్యాసెట్లకెళ్లి ఆయన గొంతును కంప్యూటర్‌తోని ఏరి తీసిండ్రు. బేస్ ఎవరు వాయించిండ్రు? ఎనభై ఏండ్ల మెకార్ట్‌నీ! గొంతు క్యాసెట్లకెళ్లి వస్తది గని బేస్ మాత్రం మనిషి నిలబడి వాయించాల్సిందే."

చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. 1100 మెగావాట్లు తయారయ్యే చోటికి కూతవేటు దూరంలో ఫంక్షన్ హాలు ముందు జనరేటర్ లారీ నిలబడి ఉంది. హైదరాబాద్ నుంచి సౌండువాళ్లు వచ్చారు. తలుపంత మిక్సర్, పక్కన ల్యాప్‌టాప్. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడొకడు నలుగురికీ నాలుగు వైర్లు ఇచ్చి, "చెక్ చేసుకోండన్నా" అన్నాడు.

మొదటి పాటకే హాలు ఊగిపోయింది. నిజం చెప్పొద్దూ, బేసన్న గిటారు అంత గట్టిగా, అంత తేటగా మోగడం నేనెప్పుడూ వినలేదు. కుర్చీలో కూర్చుంటే పక్కటెముకలకు తెలుస్తోంది. మూడో పాటలో ఒకచోట ఆయన ఆగి బాక్సుల వైపు చూశాడు. గిటారు మీదికి వంగి ఏదో సవరించుకున్నాడు. ఆ తర్వాత కొద్దిగా వెనక్కి జరిగి డ్రమ్ముల పక్కన నిలబడి కానిచ్చాడు. రిహార్సల్‌లో జారిన రెండు చోట్లా బేస్ అచ్చు గుద్దినట్టు పడింది. పాట చివర జారుడు పడేసరికి పిల్లలు ఈలలు వేశారు.

ఆరో పాట అయ్యాక డాలస్ ఆయన మైకు వదల్లేదు. బేసన్నను ముందుకు లాగి శాలువా కప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. "వీడు కాలేజీల ఒక మాట అంటుండె. బేస్ వాయిస్తే వినబడది, ఆపితే తెలుస్తదని. ఇయ్యాల మా బేసుగాడు ఒక్క సెకండు గూడ ఆపలే!" హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. బేసన్న రెండు చేతులూ జోడించాడు.

భోజనాలయ్యేసరికి సౌండువాళ్లు సామాను సర్దుతున్నారు. కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక వైరు తక్కువొస్తాంది. మీ కాడ ఏమన్న ఉన్నదా?"

బేసన్న ప్యాంటు జేబులోంచి చుట్టగా చుట్టిన వైరు తీసి ఇచ్చాడు.

"ఎప్పుడు పీకిండ్రన్నా?"

"మూడో పాటల."

కుర్రాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకుండ్రి. లైను ఇయ్యి గని సౌండు లేపకు, అన్న ఫీలయితడు అని సారే చెప్పిండు."

"ఫీలేంది తమ్మీ. నా వేలు తప్పు మెట్టు మీద పడ్డది, బాక్సులల్ల ఒప్పు మోగింది. అప్పుడు సమజైంది. సరే, ఆపి చూసిన. ఆగలే." బేసన్న శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. "అది పోనియ్. మీ ట్రాక్‌ల బేస్ వాయించినోడు ఎవడు తమ్మీ, బొంబాయోడా, మద్రాసోడా? ఏం చెయ్యి తిరిగినోడు! జారుడు గూడ అచ్చం నా లెక్కనే నేర్చిండు. గట్ల నేను జన్మల వాయించలే. పేరు చెప్పు, యూట్యూబ్‌ల చూస్త."

"మీరేనంట గదన్నా" అన్నాడు కుర్రాడు వైరు పెట్టెలో పడేస్తూ. "మీరు కొరియర్ చేసిన క్యాసెట్లకెళ్లే తీసిండ్రంట."