అప్పుల పేపర్: అశోక్‌నగర్ స్పెషల్

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ గోడ చూసినా ఏదో ఒక మోడల్ టెస్టు పోస్టరే. పాలిటీకి ఒక సారు, ఎకానమీకి ఒక సారు, కరెంట్ అఫైర్స్‌కి ఇంకో సారు. స్థానిక సంస్థలు అప్పెలా చేస్తాయో, ఎలా తీరుస్తాయో చెప్పే సారు మాత్రం ఏ పోస్టర్ మీదా లేడు. ఆ లోటు తీర్చడానికి ఈ వారం కాలమ్‌ని ఉచిత కోచింగ్‌గా మార్చేశాం. ఫీజు లేదు, డెమో క్లాసు లేదు. నెగెటివ్ మార్కులు ఉన్నాయి గానీ, అవి ఇంటి పన్ను బిల్లులో కలిసి వస్తాయి.

ప్రశ్న 1: హాస్టల్ గది కిటికీ లోంచి తల బయటపెట్టి చూడండి. ఇందిరా పార్కు దగ్గర ఎక్కి వీఎస్టీ దగ్గర దిగే ఉక్కు వంతెన కనిపిస్తుంది. దాన్ని కట్టింది ఎవరు?

జవాబు: ‘ప్రభుత్వం’ అని రాస్తే సగం మార్కులు. ‘అప్పు’ అని రాస్తే పూర్తి మార్కులు. 450 కోట్ల వంతెన అది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో లైన్‌ని కూడా దాటి పైనుంచి పోతుంది. 2023 ఆగస్టు 19న ప్రారంభించి, మాజీ హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల పథకంలో ఇదొక భాగం. ఆ పథకం కోసమే నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీ బాండ్లు అమ్మింది, స్టేట్ బ్యాంకు దగ్గర 2,500 కోట్ల టర్మ్ లోన్‌కి సంతకం పెట్టింది. అప్పు చేసి పప్పుకూడు తినడం మనింట్లో తప్పు. అప్పు చేసి వంతెన వేస్తే అభివృద్ధి. వంతెనకు పేరు పెట్టే ఆచారం మనకుంది, శిలాఫలకం మీద వడ్డీ రేటు చెక్కే ఆచారమే ఇంకా రాలేదు.

ప్రశ్న 2: ఈ వరుసలో తర్వాతి అంకె ఏది? 8.90, 9.38, 10.23...

జవాబు: రీజనింగ్ ప్రశ్న అనుకుని తేడాలు తీస్తూ కూర్చోకండి. అవి మన బాండ్ల వడ్డీ రేట్లు. 2018 ఫిబ్రవరిలో మంత్రి కేటీఆర్ బాంబే స్టాక్ ఎక్స్ఛేంజిలో గంట మోగించినప్పుడు 200 కోట్లు, 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతం. 2019 ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతం. తెచ్చేది తగ్గుతోంది, కట్టేది పెరుగుతోంది. పాపం రిజర్వు బ్యాంకు రేట్లు పెంచిందేమో అనుకుంటారు. మొదటి గంట నాడు రెపో రేటు 6 శాతం, మూడో విడత నాటికి 5.40. చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో కిందికి దిగే ఎస్కలేటర్ మీద పట్టుబట్టి పైకి నడిచినట్టుంది మన ప్రయాణం.

అన్నట్టు, బాండ్లు అమ్మినందుకు మెచ్చి కేంద్రం 26 కోట్ల ప్రోత్సాహకం ఇచ్చింది. మీ నాన్నకి ఫోన్ చేసి ‘అప్పు చేశాను, ప్రైజు పంపండి’ అనండి, ఏమంటారో వినండి. మూడు విడతలూ కలిపి 495 కోట్లు. అసలు జోలికి పోకుండా వడ్డీ ఒక్కటే ఏడాదికి 46 కోట్ల పైచిలుకు. నాలుగో అంకె సరిగ్గా చెప్పగలిగినవాడికి గ్రూప్-1 ఎందుకు, ముంబైలోనే ఉద్యోగం దొరుకుతుంది.

ప్రశ్న 3: జతపరచండి. ముంబై బాండ్‌దారు, నారాయణగూడ ఇంటి యజమాని, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఎదురుగా 24, 10.23, సున్నా.

జవాబు: బాండ్‌దారుకి కార్పొరేషన్ బాకీ పడితే 10.23 శాతం ఇస్తుంది. ఇంటి యజమాని కార్పొరేషన్‌కి పన్ను బాకీ పడితే నెలకి 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం వసూలు చేస్తుంది. అయితే నారాయణగూడ యజమాని కంగారు పడడు. 2020లో, 2022లో, 2024లో, 2025లో వన్ టైమ్ స్కీమ్ వచ్చింది, బకాయి మీద వడ్డీలో 90 శాతం మాఫీ అయింది. ‘వన్ టైమ్’ ఇన్నిసార్లు రావడం గణితానికి లొంగదు, మున్సిపల్ శాస్త్రానికి లొంగుతుంది. ఏప్రిల్‌లోనే పరుగెత్తుకెళ్లి పన్ను కట్టిన అమాయకుడికి ఇచ్చేది 5 శాతం రాయితీ. ఇక బకాయిదారుల జాబితాలో సాక్షాత్తూ ప్రభుత్వ కార్యాలయాలే ఉంటాయి కాబట్టి, వాటి ముందు డప్పు కొట్టించే ధైర్యం ఏ బిల్ కలెక్టర్‌కీ ఉండదు.

మిగిలిన సున్నా లైబ్రరీది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్. మన దగ్గర వసూలు చేసేది కార్పొరేషన్, చేరాల్సింది గ్రంథాలయ సంస్థకి. బకాయిల కోసం సంస్థ అడుగుతూనే ఉంది, పత్రికలు ఏళ్లుగా రాస్తూనే ఉన్నాయి. అంటే మధ్యలో ఆగిన ఆ పైసలు కూడా అప్పే. గంట కొట్టకుండా, రేటింగ్ లేకుండా, వడ్డీ లేకుండా తీసుకున్న అప్పు.

ప్రశ్న 4: ఎస్క్రో ఖాతా అంటే ఏమిటి? మీ వీధి ఉదాహరణతో వివరించండి.

జవాబు: మీరు కట్టిన ఇంటి పన్ను నేరుగా కార్పొరేషన్ జేబులోకి పోదు. ముందు ఒక ప్రత్యేక ఖాతాలో పడుతుంది. బాండ్ల వాయిదాకి కావలసింది అందులోంచి పక్కకు తీశాకే మిగతాది జీతాలకీ, చెత్తబండ్లకీ, మోరీలకీ. ముంబై మదుపరి కళ్లు మూసుకుని 2018లో ఏఏ రేటింగ్ బాండు కొన్నాడంటే నమ్మకం మన మీద కాదు, ఈ ఖాతా మీద. మోరీ బాగుచేసిన కాంట్రాక్టరుకి అలాంటి ఖాతా లేదు. అందుకే ఆయన బిల్లు కోసం ప్రధాన కార్యాలయం ముందు ధర్నా చేస్తాడు. కాగితం రాయించుకున్నవాడు మదుపరి, రాయించుకోనివాడు ఆందోళనకారుడు.

ప్రశ్న 5 (వ్యాసరూపం): ‘నగరాలు అప్పు చేయడం నేరమా?’ చర్చించండి.

జవాబు: కాదు. యాభై ఏళ్లు నిలిచే రోడ్డుకి ఈ ఏడాది పన్నుతోనే డబ్బు కట్టమనడం అన్యాయం. రేపు దాని మీద తిరిగేవాడూ కొంత మోయాలి. అహ్మదాబాద్ 1998లోనే రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండా 100 కోట్ల బాండ్లు అమ్మింది. మన పాత మున్సిపల్ కార్పొరేషన్ కూడా 2003లో 82.5 కోట్లకు అమ్మింది. చిక్కంతా ఎక్కడంటే, బాండు అప్పుకి తేదీ ఉంది, రేటు ఉంది, మదుపరుల తరఫున అడిగే ట్రస్టీ ఉన్నాడు. కాంట్రాక్టరు బిల్లు, లైబ్రరీ సెస్ లాంటి అప్పులకి పేరే లేదు. పేరు లేని అప్పుని ఏ బడ్జెట్ పుస్తకమూ అప్పని ఒప్పుకోదు. దాన్ని ‘పెండింగ్’ అంటుంది.

ఈ వ్యాసం రాసే అభ్యర్థి ఎక్కడ కూర్చుని రాస్తున్నాడో గమనించండి. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, పొద్దున్నే కుర్చీ పట్టుకుని, ఆ చిక్కడపల్లి లైబ్రరీలోనే. మున్సిపల్ ఫైనాన్స్ చాప్టర్ బట్టీ పడుతున్న ఈ కుర్రాడే, తనకి తెలియకుండా, కార్పొరేషన్‌కి అత్యంత ఓర్పుగల రుణదాత.

కాబట్టి గ్రంథాలయ సంస్థకి మా ఉచిత సలహా ఒకటి. మహజర్లు మానేయండి. మీకు రావలసిన సెస్ బకాయిని బాండ్లుగా మార్చి ముంబైలో లిస్ట్ చేయించండి. అక్కడ కొన్నవాడెవడైనా సరే, గడువు దాటిన మర్నాడే ఫోన్ చేస్తాడు. వాడి ఫోన్ మాత్రం జీహెచ్‌ఎంసీ ఎత్తుతుంది.