షిగేని ఎవరూ ఏమీ అనరేం?

సినిమా చూసి రోజులు గడుస్తున్నా కోపం తగ్గడం లేదు. పోపు వేస్తున్నా షిగేయే, బట్టలు మడతపెడుతున్నా షిగేయే. గరిటె చప్పుడు విని మా ఆయన హాల్లోంచే "ఇప్పుడు ఎవరి మీదే?" అంటారు. షిగే మీద అంటాను. "ఆ సినిమా వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది, ఆవిణ్ణి వదిలెయ్యరాదూ" అంటారు. వదలను.

షిగే అంటే యసుజిరో ఒజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ'లో పెద్ద కూతురు. కథ చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఉండే ముసలి దంపతులు పట్నంలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. మిగతాది మీకు తెలుసు. షిగేకి బ్యూటీ పార్లర్ ఉంది. మొగుడు పాపం అత్తమామలకని కేకులు కొనుక్కొస్తే, అంత ఖరీదువి ఎందుకు, వీళ్ళకి బిస్కెట్లు చాలవా అంటుంది. అంటూనే ఒకటి నోట్లో వేసుకుంటుంది. ఎవరు వీళ్ళని అడిగితే, ఊరి నుంచి వచ్చిన తెలిసినవాళ్ళు అంటుంది. కన్న తల్లిదండ్రుల్ని! ఇంట్లో ఉంచుకునేకన్నా చవకని అన్నతో డబ్బులు కలిపి అతామి అనే సముద్రపు ఊరికి తోలేస్తుంది. అక్కడ రాత్రంతా కుర్రకారు పాటలు, మాజాంగ్ పలకల మోత. నిద్రలేక వాళ్ళు ముందే తిరిగొస్తే, ఈ రాత్రి ఇంట్లో మీటింగు ఉంది, అప్పుడే ఎందుకొచ్చారు అంటుంది.

నేను సూర్యకాంతం సినిమాలు చూసి పెరిగినదాన్ని. ఆవిడ ఎన్ని ఆగడాలు చేసినా చివరి రీల్లో ఎవరో ఒకరు లెక్క తేలుస్తారన్న ధైర్యం ఉండేది. 'బడి పంతులు'లో తల్లినీ తండ్రినీ కొడుకులు చెరొకరుగా పంచుకుంటే హాలంతా ముక్తకంఠంతో తిట్టింది. అదీ పద్ధతి. ఇక్కడ 136 నిమిషాలు కాచుకు కూర్చున్నాను. ఒక్క చెంపదెబ్బ లేదు, ఒక్క శాపం లేదు. కెమెరా కూడా లేచి ఒక అడుగు ముందుకెయ్యదు. చాప మీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో చతికిలబడి, షిగే చేసేదంతా చూస్తూ ఊరుకుంటుంది.

నిజానికి నా కోపం ఇంకా ముందే, గాలి దిండు దగ్గరే మొదలైంది. ప్రయాణానికి సర్దుకుంటూ ముసలావిడ తొమి గాలి దిండు లేదంటుంది. నీకే ఇచ్చానుగా అంటాడు భర్త షుకిచి. నా దగ్గర లేదంటుంది. ఉంటుంది, చూడు అంటాడు. ఇంతలో పక్కింటావిడ కిటికీలోంచి పలకరిస్తుంది. ఆవిడటు వెళ్ళగానే వెతికితే ఆయన సామాన్లోనే ఉంది. దొరికింది అంటాడు. దొరికిందా అంటుంది. అంతే! నేను రిమోట్ నొక్కి ఆపేసి పక్కకి చూశాను. మా ఆయన గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు.

మా ఇంట్లో స్టేషనుకి బయల్దేరే గంటలో మాయమైన వాటిలో కళ్ళజోడు డబ్బా, బీపీ మాత్రలు, ఆధార్ కార్డు, సూట్‌కేసు తాళం చెవి ఉన్నాయి. ఒకసారి టికెట్లే పోయాయి. ఆటోవాడు కింద హారన్ కొడుతుంటే నేను సర్దిన పెట్టె అంతా మళ్ళీ విప్పి మంచం మీద పరుస్తాను. చివరికి ఆ వస్తువు ఆయన చొక్కా జేబులోంచే వస్తుంది. అప్పుడూ తప్పు నాదే. జేబులో పెట్టుకుంటున్నప్పుడు చూసి గుర్తు చేయలేదట.

అసలు గాలి దిండంటే ఈ కాలం వాళ్ళకి తెలియదు. మా నాన్నగారికి ఒకటుండేది, రబ్బరుది. ఖాజీపేటలో బుగ్గలు పూరించి ఊదడం మొదలుపెడితే వరంగల్‌కి పూర్తయ్యేది. ఎదుటి బెర్తువాళ్ళు కబుర్లు ఆపి చూసేవాళ్ళు. బిరడా పెట్టేలోపు పావు వంతు గాలి పోయేది. మిగతా ముప్పావూ డోర్నకల్ లోపు పోయి, తల బెర్తు చెక్కకి తగిలేది. అయినా అది లేకుండా ఏ ప్రయాణమూ చేసేవారు కాదు. ఎక్కడ పెట్టావని అమ్మని అడక్కుండా కూడా చేసేవారు కాదు. అమ్మ మారు మాట్లాడకుండా వెతికేది. ఒజు పెళ్ళి చేసుకోలేదు, తల్లితోనే ఉండేవాడు. ఈ దిండు సంగతి ఆయనకెలా తెలిసిందా అని చాలాసేపు ఆలోచించాను. ఆ తల్లే చెప్పి ఉంటుంది.

ఇంకోటి. డెబ్భై ఏళ్ళ షుకిచిగా నమ్మించిన చిషు ర్యూకి అప్పటికి 49 ఏళ్ళు. మన దగ్గర ఆ వయసుకి హీరో ఇంకా కాలేజీ గేటు దగ్గరే ఉంటాడు. ఇక కోడలు నొరికో, అంటే సెత్సుకో హరా. యుద్ధంలో భర్త పోయినా, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ అత్తమామలకి బస్సులో ఊరంతా చూపిస్తుంది. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. కోడలు ఇంత మంచిదైతే మిగతా కోడళ్ళ గతేం కానని ఎవరూ ఆలోచించలేదు. 2012లో 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ పత్రిక అడిగితే ప్రపంచ దర్శకులంతా కలిసి ఈ సినిమాకే మొదటి స్థానం ఇచ్చారట. షూటింగుల పేరు చెప్పి అమ్మానాన్నలకి ఫోన్ చేయనివాళ్ళు వాళ్ళలో చాలామందే ఉంటారని నా అనుమానం.

షిగే పని అయిపోయిందని ఒక్కచోట ఆశపడ్డాను. అర్ధరాత్రి తండ్రి, ఆయన స్నేహితుడు తప్పతాగి, పోలీసు వెంట ఆవిడ పార్లర్‌కి చేరతారు. అక్కడి కుర్చీల్లోనే కూలబడి నిద్రపోతారు. అదే 1953లో మన దేవదాసు తాగి తాగి పార్వతి ఇంటి ముందు ప్రాణం వదిలితే ఊళ్ళకి ఊళ్ళు ఏడ్చాయి. ఇక్కడ షిగే గొణగడం తప్ప ఏమీ లేదు. ఆ గొణుగుడులోనే ఒక మాట జారిపడుతుంది. ఆ రోజుల్లోనూ ఇంతేనట, తాగొచ్చి అమ్మని ఇబ్బంది పెట్టేవాడట, ఆఖరి చెల్లెలు క్యోకో పుట్టాకే మానేశాడట. అంటే మనకి ముద్దొచ్చిన ఆ నెమ్మదైన ముసలాయన క్యోకోకి దొరికిన తండ్రి. షిగేకి దొరికింది వేరే తండ్రి.

నా కేసులో మొదటి సాక్షి అక్కడే పోయాడు. రెండో సాక్షి తల్లి. తిరుగు ప్రయాణంలో ఆవిడకి ఒంట్లో బాగోక ఒసాకాలో చిన్న కొడుకు దగ్గర ఆగుతారు. అక్కడ ఇద్దరూ కూర్చుని, షిగే చిన్నప్పుడు ఎంత మంచిదో అనుకుంటారు. అనుకుని, ఎంతైనా మన పిల్లలు చాలామంది కన్నా నయం, మనం అదృష్టవంతులమే అని తేల్చేసుకుంటారు.

ఈ మాట నేను ఇంతకుముందూ విన్నాను. మా కాలనీలో పిల్లల దగ్గరికి డాలస్ వెళ్ళొచ్చిన ప్రతి జంటా ఇదే చెబుతుంది. ఆర్నెల్లు. కారు నడపడం రాదు, పక్కవీధికి కూడా ఎవరో తీసుకెళ్ళాలి. వారమంతా కిటికీ, శనివారం గుడి, ఆదివారం కాస్ట్‌కో. వచ్చాక ఏమన్నా అడిగితే "బాగా చూసుకున్నారండీ" అంటారు. అది అబద్ధం కాదు. రెండో వాక్యం మాత్రం ఎవరూ చెప్పరు, మనమూ అడగం. పొడిగిస్తే ఏం బయటపడుతుందోనని ఇద్దరికీ భయం.

కన్నవాళ్ళే కొట్టేసిన కేసు కాబట్టి నేను చేయగలిగింది లేదు. కేకుల సంగతి మాత్రం వదలను. తల్లి అంత్యక్రియల భోజనం దగ్గరే ఆవిడ చీర లాంటి కిమోనో నాకివ్వండని అడిగిన సంగతీ వదలను.

మీరూ చూడండి, చూసి షిగేని నాలుగు తిట్టండి, నాకు తోడుంటుంది. ఆదివారం పొద్దున మాత్రం పెట్టుకోకండి. అది పిల్లలు ఫోన్ చేసే టైము.