బిళ్ళ చవక, దారి ప్రియం

అమెరికాలో పాత పికప్పు ఉన్నవాడికి ఇంజన్ పక్కనుంచి కూలంట్ బొట్లుబొట్లుగా కారడం కనిపించగానే తట్టే ఆలోచన ఒకటే: కారుతున్నది ఒక్క ఫ్రీజ్ ప్లగ్గే కదా, దాన్ని మార్చేసి మిగతావాటి జోలికి పోకుండా ఉంటే సరి. వినడానికి బుద్ధిమంతుడి మాటలాగే ఉంటుంది. నేను మాత్రం ఒకటి కారిందంటే చెయ్యి అందినవాటినన్నిటినీ ఆ పూటే పీకి పారెయ్యాలంటాను. ఇది దుబారా కాదు, పిసినారితనమే. కాకపోతే లెక్కలు వచ్చిన పిసినారితనం.

1973 నుంచి 1987 దాకా వచ్చిన షెవ్రొలే పికప్పులను తీసుకోండి. వాటిలో చాలావాటికి 350 ఘనపు అంగుళాల వి-8 ఇంజనే. దాని బ్లాకును పోతపోసేటప్పుడు సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీ కోసం లోపల ఇసుక అచ్చు నిలబెట్టి, దాని చుట్టూ కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము గట్టిపడ్డాక ఆ ఇసుకను కంతల్లోంచి దులిపేస్తారు. ఆ కంతలకు కొట్టిన గిన్నె ఆకారపు రేకు మూతలే ఫ్రీజ్ ప్లగ్గులనే ఈ బిళ్ళలు, ఒక్కోటి 41 మిల్లీమీటర్ల వెడల్పు, పక్కకు మూడేసి. నీళ్ళు గడ్డకట్టినప్పుడు ఇవి ఊడిపడి ఇంజన్‌ను కాపాడతాయని ఒక నమ్మకం ఉంది. మంచుగా మారే నీరు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒక్కోసారి బిళ్ళను బయటికి నెడుతుంది, ఒక్కోసారి బిళ్ళను మర్యాదగా వదిలేసి బ్లాకునే చీలుస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ చలికాలంలోనూ రేడియేటర్ గడ్డకట్టిన దాఖలా లేదు. అయినా అక్కడికొచ్చే లారీ ఇంజన్లకూ ఇవే బిళ్ళలు, వాటికీ ఇదే తుప్పు. (మినెసోటా లాంటి చోట్ల చలి బాధ పడలేక ఒక బిళ్ళ పీకి, ఆ కంతలో కరెంటు హీటర్ బిగిస్తారు. అంటే చలి విషయంలో ఈ బిళ్ళ చేసే గట్టి సాయం, తాను తప్పుకోవడమే.)

కాబట్టి అసలు శత్రువు తుప్పు, అది తినేది లోపలినుంచి. కూలంట్‌లో తుప్పును ఆపే మందు కొన్నేళ్ళకు నీరసపడుతుంది. యజమాని దాన్ని మార్చడం మరిచిపోతాడు. రేకు పల్చబడుతూనే ఉంటుంది, బయట రంగు మాత్రం నిగనిగలాడుతుంది. ఈ బిళ్ళలన్నీ ఒకే ఆఫీసులో ఒకే రోజు చేరిన గుమాస్తాలు: ఒకే జీతం, ఒకే ఎండ, ఒకే టీ. ఒకడు రిటైరయ్యాడంటే మిగతావాళ్ళ కాగితాలూ బల్లమీదికి వచ్చేసినట్టే. వాళ్ళు ఇంకో పాతికేళ్ళు పనిచేస్తారనుకోవడం ఆశావాదం కూడా కాదు, మొండితనం. ఇక ఖర్చు సంగతి. బిళ్ళ ధర కాఫీ ఖర్చుకు మించదు. దాని దగ్గరికి వెళ్ళే దారే ప్రియం. ఒకదానికి స్టార్టర్ మోటార్ అడ్డం, ఇంకోదానికి ఇంజన్ మౌంట్ అడ్డం, పైన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. దాని బోల్టులు నలభై ఏళ్ళుగా వేడికి కాలి ఉన్నాయి. స్పానర్ పడగానే కొన్ని తిరగవు, విరుగుతాయి. ఇంత తతంగం చేసి ఒక్క బిళ్ళ మార్చి దారి మూసేస్తే, పక్క బిళ్ళ కోసం మళ్ళీ అదంతా మొదటినుంచి.

కారనిదాన్ని కెలకడమెందుకని కొందరంటారు. ఇంజన్ బాగున్నప్పుడైతే ఒప్పుకుంటాను, కానీ ఒకటి కారాక ఆ మాటకు బలం లేదు. నట్టు బిగిస్తే ఉబ్బే రబ్బరు ప్లగ్గు ఉంది కదా అంటారు ఇంకొందరు. దారిలో ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చడానికి అది దేవుడే, ఇల్లు చేరాక మాత్రం అతిథి. రేడియేటర్లో పొడి పోసి కారడం ఆపుతామనేవాళ్ళతో వాదించను; ఆ పొడికి బిళ్ళ కంత ఏదో, హీటర్ గొట్టం ఏదో తేడా తెలియదు. గట్టి అభ్యంతరం ఒక్కటే: బ్లాకు వెనక, గేర్‌బాక్సు చాటున కూడా బిళ్ళలున్నాయి, వాటి మాటేమిటి? వాటిని వదిలెయ్యమనే నా సలహా. అప్పుడు అన్నీ మార్చాలన్న సిద్ధాంతం కూలిపోలేదా? కూలలేదు. నేను మొదటినుంచీ చెబుతున్నది దారి ఖర్చు గురించి. గేర్‌బాక్సు దించే దారి వేరు. క్లచ్ కోసమో మరోదాని కోసమో అది దిగిన రోజున వాటి వంతు వస్తుంది, ఆ రోజు మాత్రం వదలకూడదు.

మార్చేవాళ్ళు ఇత్తడి బిళ్ళలే కొనండి. కాస్త ఖరీదెక్కువ, తుప్పు పట్టవు. పాతదాన్ని ఒక అంచున పంచ్ పెట్టి కొడితే అడ్డంగా తిరుగుతుంది, కటింగ్ ప్లేయర్‌తో లాగెయ్యొచ్చు. లోతుగా డ్రిల్ వెయ్యకండి, వెనకే సిలిండర్ గోడ ఉంటుంది. కంత అంచును ఎమిరీ కాగితంతో రుద్ది, సీలెంట్ రాసి, లోపల సరిపడే సాకెట్ ఆనించి తిన్నగా కొట్టండి. దించిన కూలంట్‌ను తొట్టిలో పట్టి వెంటనే మూత పెట్టండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకిన కుక్కను చంపేస్తుంది.