ఏది తాగినా బిల్లు మనదే!

డీజిల్ మండిపోతోందని 2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ టికెట్ మీద 2 రూపాయల డీజిల్ సెస్ వేసింది. సరే, కట్టాం. ఆ డీజిల్ పీడే వదిలిస్తాం, హైదరాబాద్ నగరానికి 2,800 కరెంటు బస్సులు తెస్తాం అంది. హమ్మయ్య అనుకునేలోపే, వాటి ఏర్పాట్ల ఖర్చుకంటూ 2025 అక్టోబర్‌లో మొదటి మూడు స్టేజీలకు 5, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచింది! పోనీ, ఉప్పల్‌లో మెట్రో ఎక్కుదామా అంటే, పుట్టినప్పట్నుంచీ కరెంటుతోనే నడిచే ఆ రైలుకూ అదే ఏడాది మేలో చార్జీలు పెరిగాయి. బండి ఏది తాగినా బిల్లు మాత్రం నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కార్మికుడికే. వ్యాపార వ్యూహమంటే ఇదే కాబోలు: ఇంధనం మారుతుంది, జేబు మారదు. కొత్త బస్సుకు పొగే రాదట. నిజమే, పొగబెట్టేది ప్రయాణికుడికి కదా!