డాలరు వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము:
$ సుడో ఆప్ట్ అప్‌డేట్

అవతారిక: ఉబుంటు యంత్రమున ప్యాకేజీల జాబితా తాజా చేయగోరిన శిష్యుడొకడు, సూచనలలో నున్న ఈ పంక్తిని ఆమూలాగ్రముగా కాపీ చేసి, టెర్మినల్‌లో పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టెను.

ప్రతిపదార్థము: $ = (ఏమియు లేదు); సుడో = రూట్ అధికారముతో; ఆప్ట్ = ప్యాకేజీల ప్రోగ్రామా; అప్‌డేట్ = జాబితా తాజా చేయుము.

మూలమున నున్న అక్షరమునకు అర్థము లేకుండుట ఎట్లని ఆక్షేపము. సమాధానము: నాటకపు ప్రతిలో "ప్రవేశించి" అని యున్నంత మాత్రాన నటుడు దానిని పైకి చదువడు గదా. $ అనునది "ఇక నీవు టైపు చేయవచ్చు" నని షెల్ తనంతట చూపు గుర్తు. 1979 నాటి బోర్న్ షెల్ నుండియు సామాన్యునికి $, రూట్‌కు # అని మర్యాద.

తాత్పర్యము: షెల్ $ అను పేరుగల ప్రోగ్రాము కొరకు వెదకి, కానక, "కమాండ్ నాట్ ఫౌండ్" అని పలికి, 127 అను ఎగ్జిట్ కోడ్ నొసగి విరమించెను. నష్టము లేదు.

సంధి విచారము: $ తరువాతి ఖాళీని చెరిపి "$సుడో" అని కలిపినచో కథ మారును. షెల్ దానిని వేరియబుల్‌గా తలచును. అట్టిది లేదు గనుక శూన్యము చేసి, మిగిలిన "ఆప్ట్ అప్‌డేట్"ను నడుపును. రూట్ అధికారము మాయము. పర్మిషన్ లేదని ఆప్ట్ మొరపెట్టగా, "సుడో పెట్టితిని గదా!" యని శిష్యుడు తల పట్టుకొనును.

పాఠాంతరము 1: "# ఆప్ట్ అప్‌డేట్". బ్యాష్ అను షెల్‌లో # మొదలు పంక్తి చివరివరకు వ్యాఖ్యయే. షెల్ ఏమియు చేయదు, ఏమియు అనదు. పని యైనదని శిష్యుడు కాఫీకి పోవును. (ఒక్క గుర్తుతో పంక్తినంతయు వ్యాఖ్యగా మార్చుట కాళిదాస వ్యాఖ్యాతయగు మల్లినాథునికి సైతము చేతకాలేదు!)

పాఠాంతరము 2: "> ./ఇన్‌స్టాల్.ఎస్‌హెచ్". $ వలె గుర్తుగానే వ్రాసినను, ఇది ఘోరము. > అనగా ఔట్‌పుట్‌ను ఫైలులోనికి మళ్లింపుమని ఆజ్ఞ. మళ్లించుటకు ఏమియు లేకున్నను బ్యాష్ ఆ ఫైలును తెరచి సున్నా బైట్లు చేయును. ఎర్రరు సైతము రాదు.

మతాంతరము: $ అను పేరుతోనే చిన్న స్క్రిప్టు వ్రాసి, పాత్‌లో నుంచి, తక్కిన మాటలను దానిచే నడిపింపవచ్చునని కొందరు. చమత్కారమే గాని, "$ సీడీ" అన్నచో ఫోల్డరు మారదు. స్క్రిప్టు వేరొక ప్రాసెస్. అది ఎచటికి పోయినను తల్లి షెల్ కదలదు. అసలు సూచనలలో ఔట్‌పుట్ చూపనిచోట $ వ్రాయుటయే దోషమని, మార్క్‌డౌన్ ఫైళ్లను పరీక్షించు మార్క్‌డౌన్‌లింట్ అను సాధనము తన 014వ నియమమున చెప్పినది. మాకు అదియే సమ్మతము.

కావున సూచనలు వ్రాయువారలారా, ఆ గుర్తును మీయొద్దనే యుంచుకొనుడు. పేస్ట్ చేయువారలారా, పంక్తి మొదట > కనబడెనా, ఎంటర్ జోలికి పోకముందే దానిని తుడిచివేయుడు.