మిమ్మల్ని మిస్ అవుతున్నామండీ!

“హాయ్ పెద్దపొట్ట అంకుల్ బ్యాలెన్స్ ఉంది గారూ! మీరు లేక మా ట్రెడ్‌మిల్ బోసిపోయింది. మిమ్మల్ని మిస్ అవుతున్నాం!”

పక్కన ఏడుస్తున్న మొహం బొమ్మ ఒకటి, కండ చూపిస్తున్న చెయ్యి బొమ్మ ఒకటి.

ఈ నెల్లూరులో నన్నింతగా తలుచుకుంటున్నది మా ఇంటికి నాలుగు సందుల అవతలున్న జిమ్ము. పేరు దగ్గర జరిగింది చూస్తే సాఫ్ట్‌వేర్‌ని తప్పు పట్టలేం. మెసేజ్ ముందే రాసిపెట్టి, పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదులుతారు. లిస్టులో పేరు గడిలో ఏముంటే అది వచ్చి ఆ ఖాళీలో కూచుంటుంది. నేను చేరిన రోజున కౌంటర్‌లో ఎవరో గుర్తుకోసం రాసుకున్న నాలుగు ముక్కలూ అలా నా నామధేయమయ్యాయి. చివర ‘గారూ’ మాత్రం యంత్రం తన సొంత సంస్కారంతో చేర్చింది.

ఈ ఆప్యాయతకి ఒక టైంటేబుల్ ఉంది. మూడు రోజులు కనబడకపోతే “ఎక్కడున్నారు?” వారం దాటితే “మిస్ అవుతున్నాం.” రెండు వారాలకి “మీకు మాత్రమే ప్రత్యేక ఆఫర్.” నెలకి “ఆఖరి అవకాశం.” ఆ తర్వాత “నిజంగా ఆఖరి అవకాశం.” ఆఖరిది అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ “ఎక్కడున్నారు?” ఇంకెక్కడుంటాను, ఇంట్లోనే. నిన్నటి చేపల పులుసు ఇవాళ్టికి ఊరి, మామిడికాయ ముక్క మెత్తబడి, సరిగ్గా మొదటి ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్ టింగుమంటుంది: “ఈరోజు ఏం తింటున్నారు? ఉడికించిన బ్రకోలీ ప్రయత్నించండి!” పోయిన ఆదివారానికైతే మైపాడు బీచ్‌లో సూర్యోదయం జుంబా అన్నారు. ఇసకలో కాళ్లు కూరుకుపోతూ వల లాగేవాళ్లకి రోజూ ఉండే పనే అది. దాన్నే డబ్బు కట్టి, పాట పెట్టుకుని చెయ్యమంటారు.

బ్లాక్ చెయ్యొచ్చుగా అంటుంది మా ఆవిడ. ఏడాదికని డబ్బు కట్టాను, బ్లాక్ చేస్తే ఆ డబ్బుకి పెద్దకర్మ చేసినట్టే. 1909 నంబరుకి ఫిర్యాదు చెయ్యమన్నాడు మా బావమరిది. అది కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి. ఇవి వచ్చేది వాట్సాప్‌లో, అది దాని కిందకి రాదు.

పోనీ మర్యాదగా జవాబిద్దామని “మోకాలు నొప్పి, రాలేను” అని కొట్టాను. క్షణంలో వచ్చింది: “థాంక్యూ! మీ స్పందన మాకు అమూల్యం. రెన్యువల్ కోసం 1 నొక్కండి.” తర్వాత తెలిసిందేమిటంటే, వాట్సాప్ నియమం ప్రకారం వ్యాపారులు తమంతట తాము పలకరించాలంటే ముందే ఆమోదం పొందిన మెసేజే పంపాలి. కానీ మనం ఒక్క ముక్క జవాబిచ్చామా, 24 గంటలపాటు వాళ్ల ఇష్టమొచ్చింది రాసుకోవచ్చు. మళ్లీ జవాబిస్తే మళ్లీ 24 గంటలు. అంటే నేను తిట్టిన ప్రతిసారీ నా చేత్తో నేనే గడియ తీస్తున్నానన్నమాట. ఇటువంటి ప్రచారపు మెసేజ్ ఒక్కోదానికి వాళ్లకయ్యే ఖర్చు మన దేశంలో రూపాయికి అటూ ఇటూ. నేను లేని లోటు విలువ అది.

అసలు ఫాలోఅప్ గురించి నెల్లూరికి పాఠం చెప్పడమేమిటండీ?

ఏటా మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు చెరువులో దిగి రొట్టె పుచ్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, ఆరోగ్య రొట్టె, వీసా రొట్టె, ఏది కావాలో అడిగి అందుకోవడమే. కోరిక తీరినవాళ్లు మరో ఏడు అదే రొట్టె చేసుకొచ్చి, అదే కోరికతో నీళ్లలో నిలబడ్డ ఇంకొకరి చేతిలో పెడతారు. నీ మతమేంటని ఇచ్చేవాళ్లు అడగరు, పుచ్చుకునేవాళ్లు అడగరు. ఇచ్చినాయన ఏ ఊరో, పుచ్చుకున్నావిడ ఏ ఊరో. ఫోన్ నంబరు లేదు, రసీదు లేదు, గుర్తుచేసే నాథుడు లేడు. అయినా పని జరిగినవాడు రొట్టె మూటగట్టుకుని బస్సెక్కి వస్తాడు.

దీన్ని మా జిమ్ము సాఫ్ట్‌వేర్ వాళ్ల చేతిలో పెడితే ఎట్లుంటుందో ఊహించుకున్నాను. “ప్రియమైన భక్తా! మీరు పెళ్లి రొట్టె తీసుకుని 90 రోజులైంది. సంబంధం కుదిరితే 1, జాతకాలు కలవకపోతే 2, అమ్మాయికి మీరు నచ్చకపోతే 3 నొక్కండి.” మూడు నొక్కినవాడికి వెంటనే: “చింతించకండి! మీలాంటివారికోసం మా ప్రీమియం రొట్టె.” ఉద్యోగ రొట్టె తీసుకున్నవాడు ఇంటర్వ్యూలో కూచుని ఉండగా జేబులో టింగుమంటుంది: “ఇంకా ఉద్యోగం రాలేదా? మిమ్మల్ని మిస్ అవుతున్నాం!” వీసా రొట్టెతోబాటు సొంతింటి రొట్టె తీసుకుంటే సంతాన రొట్టె ఉచితం. గోల్డ్ మెంబర్లకి చెరువులో విడిగా మెట్లు. కోరిక తీరి కూడా రొట్టె తిరిగి తేనివాళ్ల జాబితా గట్టు మీద బోర్డు కట్టి వేలాడదీస్తారు. భక్తి అక్కడితో సరి.

బరువు తగ్గే రొట్టె ఉంటే బాగుండునని నాకూ అనిపించకపోలేదు. ఆరోగ్య రొట్టెలోనే అదీ కలిసొస్తుందిలే అన్నాడు మా బావమరిది. ఆలోచిస్తే చిక్కులు కనబడ్డాయి. మొదటిది, పుచ్చుకున్న రొట్టె తినాలి. నా డైట్ చార్టులో రాత్రికి ఒకే పుల్కా రాసుంది, దాని పక్కన ఈ రొట్టె ఏ లెక్కలోకి వస్తుందో ట్రైనర్‌ని అడగాలి. రెండోది, బరువు తగ్గినవాడు తెస్తేనే తగ్గాల్సినవాడికి రొట్టె. చెరువు నిండా అడిగేవాళ్లమే నిలబడతాం, తెచ్చేవాడు కనుచూపుమేరలో ఉండడు. పైగా అంతమంది మా బోటి వాళ్లం ఒక్కసారి దిగితే చెరువు మట్టం పెరిగి ఇరిగేషన్ వాళ్లు రావాల్సి ఉంటుంది. మూడోది, పొరపాటున ఎవడైనా తగ్గి తెచ్చాడే అనుకోండి, మరుసటి పండగకి వాడే మళ్లీ పుచ్చుకునే వరసలో ఉంటాడు. ఇల్లు కట్టినవాడికి మళ్లీ ఇల్లు అక్కర్లేదు. పొట్ట అలా కాదు, తగ్గినా మళ్లీ వస్తుంది.

సరే, రొట్టెలోంచి జిమ్ములోకి రావాలి. కష్టమే.

జిమ్ముకి నిజంగా నేను కావాలా అన్నది నా అనుమానం. స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ఇదే సంగతి మీద ఒక వ్యాసం అచ్చేశారు. వ్యాసం పేరుని తెలుగులో చెప్పుకుంటే ‘జిమ్ముకి పోకుండా ఉండటానికి డబ్బు కట్టడం’. నెలకి 70 డాలర్లకి పైగా కట్టే సభ్యులు సగటున నెలకి 4.3 సార్లు వెళ్తున్నారట. అంటే వెళ్లిన ఒక్కోసారికి 17 డాలర్ల పైన పడుతోంది. పది సార్ల పాస్ కొనుక్కుని ఉంటే సారికి 10 డాలర్లతో పోయేది. నాకు ఆ 4.3లో పాయింటు తర్వాత మూడు మాత్రం బాగా అర్థమైంది. జిమ్ము కిందిదాకా వెళ్లి, మెట్లు చూసి, పక్క బంకులో టీ తాగి వచ్చేస్తామే, అది ఆ 0.3.

రాని మనిషి కట్టిన డబ్బే ఈ వ్యాపారానికి లాభం. కట్టినవాళ్లం అందరం ఒకే ఉదయం దిగితే ట్రెడ్‌మిల్ మీద కాదు, మెట్ల మీద పరిగెత్తాలి. కాబట్టి “రండి” అని పిలిచే ఆ మెసేజ్‌కి నేను రావడంతో పనిలేదు. వచ్చే ఏడాది మళ్లీ కడితే చాలు.

ఈ సాఫ్ట్‌వేర్ రాకముందు జిమ్ములో ఫోన్ చెయ్యడానికి ఒక కుర్రాడుండేవాడు. ఇందుకూరుపేట వైపు నుంచి బస్సులో వచ్చేవాడు.

“ఏంది సార్, కనపడటం లేదు? ఒంట్లో బాగుండాదా?”

“గూడూరులో పెళ్లి అబ్బాయా. నాలుగు రోజులు పట్టేట్టుంది.”

పెళ్లీ లేదు, గూడూరూ లేదు. మంచం మీద పడుకుని మాట్లాడుతున్నాను. వారం తర్వాత మళ్లీ: “పెళ్లి బాగా జరిగిందా సార్?” జరిగింది గానీ మోకాలు పట్టేసిందనేవాణ్ని. “పోయినసారి ఎడమదన్నారు సార్, ఇప్పుడు కుడిదా?” దొరికిపోయేవాణ్ని. మర్నాడు చచ్చినట్టు బూట్లు కట్టుకుని వెళ్లేవాణ్ని. కౌంటర్‌లోంచి చూసి నవ్వేవాడు, ఏమీ అనేవాడు కాదు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా నేను శ్రమపడి కల్పించేవాణ్ని, అతను శ్రమపడి నమ్మేవాడు. ఆ కాస్త శ్రమే నన్ను ఇంట్లోంచి కదిలించిందని ఇప్పుడనిపిస్తోంది.

మెసేజ్‌లు వాటంతటవే పోతుంటే మనిషెందుకని తీసేశారట. శ్రీసిటీలో ఏదో కంపెనీలో చేరాడని అన్నారు. ఎట్లుండాడో కనుక్కుందామంటే నా దగ్గరున్నది జిమ్ము నంబరే. అతని గొంతు వినిపించిన ఆ నంబరు నుంచే ఇప్పుడు ఈ మెసేజ్‌లు వస్తున్నాయి. మోకాలు నొప్పి అని రాస్తే ఏ మోకాలని కూడా అడగలేదు. అబద్ధం చెప్పడానికైనా అవతల ఒక మనిషుండాలి కదా.

ఓనరు గారికి ఒక విన్నపం. నన్ను మిస్ అవ్వడం మానేసి, ఆ రూపాయలు కూడబెట్టి ఎవరో ఒక కుర్రాణ్ని పెట్టండి. వారానికోసారి ఫోన్ చేసి ఎందుకు రాలేదని గట్టిగా అడిగించండి. జవాబు సంగతి నేను చూసుకుంటాను. మా అత్తగారిది కావలి, ఆ వైపు పెళ్లి ఇంకా ఒక్కటి కూడా వాడలేదు.